మాత్ర మానేసి మాటను నమ్ముకున్నాను

నా తెలివితక్కువతనాన్ని ముందే ఒప్పుకుని మొదలుపెడతాను. చివర్లో బయటపడితే, ఇంతసేపూ ఇలాంటివాడి కథా చదివాం అని మీరు నొచ్చుకుంటారు. ఊపిరితిత్తుల టీబీకి ఆరు నెలలు మందు మింగమని డాక్టరు చెబితే, రెండు నెలలు మింగి, ఆ తర్వాత నాలుగు నెలలు రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి "నాకు జబ్బు లేదు" అని చెప్పినవాణ్ణి నేను. అద్దం నమ్మింది. జబ్బు నమ్మలేదు.

నేను బస్సు కండక్టర్ని. అప్పట్లో మా కాపురం శింగనమలలో, డ్యూటీ అనంతపురం–గుత్తి రూట్లో. మా బస్సులో మనుషులకంటే దుమ్ము ఎక్కువగా ప్రయాణం చేసేది, అదీ టికెట్ లేకుండా. అందుకే రెండువేల మూడు ఎండాకాలంలో దగ్గు మొదలైనప్పుడు దాన్ని నేను జబ్బు కింద జమకట్టలేదు. వేరుశనక్కాయ మూటలు టాపు మీదికి ఎక్కించే హమాలీ దగ్గుతాడు, డ్రైవరు ఖాజా దగ్గుతాడు, ఎత్తు ఎక్కేటప్పుడు బస్సే దగ్గుతుంది. మధ్యలో నా దగ్గుకేం గొప్ప?

ఏదో తేడా జరిగిందని తెలిసిన రోజు మాత్రం బాగా గుర్తుంది. తిరుగు ట్రిప్పులో పామిడిలో జనం ఎక్కారు. విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాను. గాలి పోయింది గానీ మోత రాలేదు. ఇంకోసారి ఊదితే కళ్ల ముందు నల్లచుక్కలు తిరిగాయి.

ఖాజా అద్దంలోంచి చూసి, "ఏమన్నా, పొద్దున సంగటి తినకుండా వచ్చినావా? పిల్లోళ్లు పీపీ ఊదినట్ల ఊదుతాండావే!" అన్నాడు.

నవ్వబోయి దగ్గాను. ఆ దగ్గు గార్లదిన్నె వచ్చేదాకా ఆగలేదు.

సాయంత్రం పూట సన్నగా జ్వరం వచ్చేది. తెల్లవారితే దిండు తడిగా ఉండేది. బరువు తగ్గాను, కానీ కరువు జిల్లాలో ఒకడి బరువు తగ్గితే ఎవరు గమనిస్తారు? గమనించింది మా ఆవిడ రామాంజినమ్మ ఒక్కతే. "ఇదో, ప్యాంటు నిలబడ్ల్యా. బెల్టుకు ఇంగ బెజ్జాలు వేసే చోటు కూడా లేదు. ఆస్పత్రికి పోతావా, నన్నే ఈడ్చకపొమ్మంటావా?" అంది. అప్పటికే ఊళ్లో ఆర్.ఎం.పి. ఇచ్చిన దగ్గు మందు ఐదు సీసాలు తాగి ఉన్నాను. తియ్యగా ఉండేది, దగ్గుకు కూడా నచ్చినట్టుంది, నన్ను వదిలిపోలేదు.

అనంతపురంలో టీబీ సెంటరుకు వెళ్లాను. మూడుసార్లు కళ్లె పరీక్ష, ఒక ఎక్స్-రే. డాక్టరమ్మ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని, "స్పుటం పాజిటివ్. క్యాటగిరీ వన్. ఆరు నెలలు, వారానికి మూడు రోజులు. ఒక్క డోసు కూడా వదలొద్దు" అంది. ఆరు నెలల మందు మొత్తం ఒక ఎర్ర పెట్టెలో పెట్టి, దాని మీద నా పేరు రాశారు. నా పేరు మీద ఇల్లు లేదు, పొలం లేదు. నా పేరు ఎక్కిన మొదటి ఆస్తి ఆ పెట్టె.

నేనొక మాట అడిగాను. "మేడం, టికెట్లు చించేటప్పుడు వేలు నాలుక మీద తడుపుకుంటాను. ఎంతమందికి అంటించి ఉంటాను?"

"వేలితో రాదు. దగ్గినప్పుడు గాలిలోకి పోతుంది, గాలితోనే అంటుతుంది."

ఊరట కలగాల్సిన మాటే. కానీ దుమ్ముకు భయపడి కిటికీలు మూసుకునే బస్సులో నేను మూడు నెలలు దగ్గాను. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఎవరైనా బస్సులో దగ్గితే నా వంతు ఎంతో అని లెక్క వేసుకుంటాను.

పెట్టె మా వీధిలోనే ఉన్న అంగన్‌వాడీ టీచరు ఓబులమ్మక్క ఇంట్లో ఉంచారు. ఆమె ముందరే మింగాలి, అది రూలు. తెల్లవారి ఆమె వాకిట్లో ఎడంగా కూర్చుని, ఒక చెంబు నీళ్లతో ఏడు మాత్రలు మింగేవాణ్ణి. మింగాక, "నోరు తెరువప్పా. నాలిక ఎత్తు" అనేది. చంటిపిల్లలకు నులిపురుగుల మందు వేసి వేసి ఆమెకు ఎవరి నోటి మీదా నమ్మకం లేదు. నాకు నామోషీగా ఉండేది. ఆ నామోషీ ఎంత ఖరీదైనదో తర్వాత తెలిసింది.

రెండు నెలలకు దగ్గు పోయింది. నాలుగు కిలోలు పెరిగాను. కళ్లె పరీక్ష నెగటివ్. విజిల్ ఊదితే గుత్తి కోట మీద కోతులు ఉలిక్కిపడేంత మోత. ఇంకా నాలుగు నెలలు మింగాలని డాక్టరమ్మ చెప్పిన మాట చెవిన పడింది గానీ మనసులో దిగలేదు. బాగైపోయినవాడు మాత్ర ఎందుకు మింగాలి? నాకు కావలసింది జబ్బు పోవడం కూడా కాదు. 'టీబీ కండక్టరు' అన్న పేరు పోవడం.

సరిగ్గా అప్పుడే బస్సులో ఎవరో కరపత్రం చేతిలో పెట్టారు. మనోశక్తితో సంపూర్ణ ఆరోగ్యం, ఆదివారం, అనంతపురంలో ఫలానా కల్యాణమండపంలో. వెళ్లాను. మాస్టరు గారు తెల్ల చొక్కా వేసుకుని, ఎంత మెల్లగా మాట్లాడితే అంత ముందుకు వంగి వినాలనిపించేలా మాట్లాడాడు. విశ్రాంతిగా ఊపిరి పీల్చడం నేర్పాడు. నిజం చెప్పాలి, అది బాగుంది, ఇప్పటికీ చేస్తాను. క్లాసు అయ్యాక ఒంటరిగా కలిసి నా సంగతి చెప్పాను.

"ఆ పెట్టె మీద మీ పేరు రాసి ఉందన్నారు కదా?" అన్నాడు.

"అవును సార్."

"వారానికి మూడుసార్లు దాన్ని తెరిచి, నేను రోగిని అని మీ మనసుకు మీరే చెబుతున్నారు. మనసు వింటుంది. మనసు విన్నదే శరీరం చేస్తుంది. మీరు దానికి వేరే మాట చెప్పండి."

ఎంత చక్కటి మాట! మాత్ర మానేసి మాట పట్టుకున్నాను. ఓబులమ్మక్కకు అబద్ధం చెప్పాను: "అక్కా, గుత్తికి డ్యూటీ మార్చినారు. ఇంగ ఆడనే ఆస్పత్రిలో మింగుతా."

"చీటీ తెచ్చినావా?"

"తెస్తాలేక్కా."

మా ఆవిడకూ అదే అబద్ధం. అందరికీ ఒకే టికెట్టు కొట్టాను. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి నాకు జబ్బు లేదు అని ఇరవై ఒక్కసార్లు. మా హేమకు అప్పుడు ఐదేళ్లు. నేను అద్దంతో మాట్లాడుతుంటే నా పక్కనే నిలబడి జడ వేయించుకునేది. నా ఊపిరి తగిలేంత దగ్గరగా. ఆ ఒక్క దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం దిగదు.

మాత్ర మానేసిన నాలుగో నెలలో మళ్లీ దగ్గు వచ్చింది. దుమ్మన్నాను. జ్వరం వచ్చింది. ఎండన్నాను. మాస్టరు గారు నేర్పిన ప్రకారం జబ్బు పేరు నోటితో అనకూడదు కాబట్టి, ఏ పేరూ లేకుండా దగ్గాను. ఒకరోజు కల్లూరు దగ్గర విజిల్ ఊది నోట్లోంచి తీస్తే దాని అంచు ఎర్రగా ఉంది. నాకు పాన్ అలవాటు లేదు. కర్చీఫ్ అడ్డం పెట్టుకుని దగ్గాను. కర్చీఫ్ చాలలేదు.

ఖాజా బస్సును పక్కకు తీసి దిగి వచ్చాడు. రక్తం చూశాడు. తన తలకు చుట్టుకున్న తుండు విప్పి నా చేతిలో పెట్టి, "ఏమన్నా ఇది? నయమయిందని అందరికీ స్వీట్లు పంచినావు కదన్నా!" అన్నాడు. నిజమే, పంచాను.

ఆస్పత్రికి వెళ్లే ముందు ఇంకో తెలివైన పని చేశాను. మాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. వరండాలో నిలబెట్టి, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని విన్నాడు. మాట మాత్రం అదే మెత్తని గొంతుతో వచ్చింది.

"మీ నమ్మకం చాలలేదు. లోపల ఎక్కడో అనుమానం దాచుకున్నారు. రోగాన్ని మీరే పిలుచుకున్నారు."

నాకు రక్తం పడినప్పుడు కూడా అంత భయం వేయలేదు. క్రిమి వల్ల జబ్బు వస్తే మందు ఉంది. నావల్లే జబ్బు వస్తే నాకు మందేది?

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను చెప్పిందంతా విని పెన్ను మూసింది. "క్యాటగిరీ టూ. ఎనిమిది నెలలు. మొదటి రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, ఇరవై నాలుగు. మధ్యలో మానేసి మళ్లీ మొదలుపెడితే మందులకు లొంగని టీబీ అయ్యే ప్రమాదం ఉంది. అలా అయితే ఇక్కడ ఇవ్వడానికి నా దగ్గర ఇంకో పెట్టె లేదు. అర్థమైందా?" అంది. తర్వాత, "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అని అడిగింది.

హేమకు ఎక్స్-రే తీశారు. జబ్బు లేదు. కానీ రాకుండా ఆరు నెలలపాటు రోజూ ఐ.ఎన్.హెచ్. మాత్ర వేయాలన్నారు. ఐదేళ్ల పిల్ల, చేదుకు మొహం వికారంగా పెట్టి, "నాయనా, నేను దగ్గల్యా కదా, నాకెందుకు?" అని అడిగింది. రామాంజినమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. నా గుత్తి ఆస్పత్రి అబద్ధం ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. ఆ మౌనాన్ని వదిలించుకోవడానికి నాకు ఎనిమిది నెలలకంటే ఎక్కువే పట్టింది.

ఈసారి నీలం పెట్టె. ఇంజెక్షన్లు వేసుకుంటే చెవుల్లో రోజంతా మా బస్సు ఇంజను మోత, నడిస్తే నేల పక్కకు జరిగినట్టు. కీళ్లు పట్టేసేవి. వీటన్నిటికంటే ఘోరం, పెట్టె కనిపిస్తే చాలు కడుపులో తిప్పేది. మాత్ర నాలుక మీద పడకముందే వాంతి. ఓబులమ్మక్క వాకిలి కనపడగానే మొదలయ్యేది. ఒకసారి నీలం చీర కట్టుకున్న ముసలమ్మను చూసి వాంతి చేసుకున్నాను. నా మనసుకు ఇంత శక్తి ఉందని తెలిస్తే మాస్టరు గారు ఎంత సంతోషించేవాడో! అది పని చేస్తోంది, నాకు వ్యతిరేకంగా.

డిపో సెలవు ఇచ్చింది. దగ్గు వచ్చాక దగ్గరివాళ్లు తగ్గారు. టీ అంగట్లో నా గ్లాసు గోడ పక్కకు పోయింది. నేను వరండాలో పడుకునేవాణ్ణి. లోపల నుంచి హేమ, "నాయన ఎప్పుడు లోపలికొస్తాడు?" అని అడగడం వినపడేది.

మూడో నెల చివర మళ్లీ కళ్లె పరీక్ష. పాజిటివ్.

ఒక్క డోసు వదలకుండా, వాంతి అయితే డాక్టరమ్మ చెప్పినట్టు మళ్లీ మింగి, ఇరవై నాలుగు సూదులు పొడిపించుకుని, పాజిటివ్. డాక్టరమ్మ బల్ల ముందు ఆ రిపోర్టును తిప్పి తిప్పి చూశాను. చివరికి అడిగాను: "మేడం, నా నమ్మకం చాలకేనా?"

ఆమె నా మొహంలోకి చూసింది. "నాగరాజు గారూ, ఆ క్రిమికి మీ నమ్మకం సంగతి తెలియదు. మీ మనసు దాన్ని చంపలేదు, పిలవనూ లేదు. మీ మనసుతో నాకు ఒక్కటే పని, అది మీ కాళ్లను ఓబులమ్మ వాకిటిదాకా నడిపించాలి. మిగతాది మందు చూసుకుంటుంది. ఇంకో నెల ఇవే మాత్రలు పొడిగిస్తున్నాను" అంది.

మంచి మాటే. కానీ ఆ రోజు నా కాళ్లు అటు నడవలేదు. మరునాడు డోసు రోజు. ఓబులమ్మ ఇంటికి వెళ్లకుండా చెరువు కట్ట మీదికి వెళ్లి కూర్చున్నాను. శింగనమల చెరువు ఎంత పెద్దదో మీకు తెలిసే ఉంటుంది. ఆ ఏడు అందులో చుక్క నీళ్లు లేవు. పర్రెలు విచ్చిన మట్టి. నీళ్లు ఉండి ఉంటే ఈ నాలుగు మాటలు రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదేమో. కరువును తిట్టని మనిషి మా జిల్లాలో నేనొక్కణ్ణే.

కాసేపటికి కట్ట మీద ఓబులమ్మక్క కనపడింది. చంకలో నీలం పెట్టె, చేతిలో చెంబు. ఎండకు మొహం ఎర్రగా ఉంది.

"ఏమప్పా నాగరాజూ, ఈడ ఏం చేస్తాండావు? చెరువుకు టికెట్టు కొడ్తాండావా?"

"నేను మింగనక్కా. ఇంగ నాతో కాదు. ఇంకా ఆరు నెలలు..."

"ఆరు నెలలు మింగమన్లేదు నేను. ఈ పొద్దుది మింగమన్న్యా."

"ఈ పొద్దు మింగితే ఎల్లుండి లేదా?"

ఆమె పెట్టెను కట్ట మీద పెట్టి కూర్చుంది. "నీ బస్సులో గార్లదిన్నెలో దిగేవానికి హైదరాబాదు టికెట్టు కొడ్తావా నువ్వు?"

"కొట్టను."

"మరి నీకెందుకు కొట్టుకుంటాండావు? మిగిలిన మాత్రలన్నీ మనసులో ఒగేతూరి మింగుతాండావు, అందుకే కక్కుతాండావు. ఒగ స్టేజీకి ఒగ టికెట్టు. అనంతపురంలో ఎక్కినావు అనుకో. ఇప్పుడు యాడ దిగల్ల?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "గార్లదిన్నె."

"గార్లదిన్నెకు ఎంతమంది?"

"ఏడు మంది" అన్నాను. ఏడు మాత్రలు.

ఒక్కొక్కటీ చేతికి ఇచ్చింది. మింగాను. కడుపు తిప్పింది. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, వాళ్ల కేంద్రంలో ఎవడో పిల్లోడు పలక మీద ఒంటికి పోసిన కథ చెబుతూ అరగంట కూర్చుంది. వాంతి కాలేదు. మూడు నెలల్లో మొదటిసారి.

"నోరు తెరువు. నాలిక ఎత్తు." చూసి, లేచి, చీర దులుపుకుని, కట్టంతా వినపడేలా అరిచింది: "రైట్ రైట్!"

ఆ రోజు నుంచి ప్రతి డోసుకూ ఒక స్టాపు. కల్లూరు, పామిడి, గుత్తి దాటాం. డోన్ దాటాం. తర్వాతి నెలల్లో, ఇంటికి తీసుకుపోయి మింగొచ్చని డాక్టరమ్మ చెప్పిన మాత్రలు కూడా నేను ఆమె ముందే మింగాను. ఆమె జీవితంలో అనంతపురం దాటి ఎరగదు. "ఈ ఊర్లో ఏముండాది?" అని అడిగేది, చెప్పేదాకా రైట్ అనేది కాదు. నాకు తెలియని ఊళ్లకు నేను కోటలూ తోటలూ కల్పించి చెప్పాను. వాంతి పూర్తిగా పోలేదు. కొన్ని రోజులు స్టాపు ముందే బస్సు ఆగినంత పని అయ్యేది. కానీ నేను మింగవలసింది ఎప్పుడూ ఒక ఊరే.

నాలుగో నెల చివర కళ్లె నెగటివ్. నేను స్వీట్లు పంచలేదు. చివరి డోసు నాటికి హైదరాబాదు చేరాం. ఓబులమ్మక్క ఖాళీ పెట్టె బోర్లించి తట్టి, "ఇంతేనా హైదరాబాదు?" అంది. ఆ సాయంత్రం రామాంజినమ్మ నా చాప వరండాలోంచి తీసి లోపల వేసింది. ఏమీ అనలేదు. ఆ మౌనం వేరు.

ఇప్పటికి నాలుగేళ్లు దాటింది. అనంతపురానికి కాపురం మార్చాం, హేమ ఇక్కడే బడికి పోతోంది, దాని ఊపిరితిత్తులు దాని నోరంత గట్టిగా ఉన్నాయి. నా ఎక్స్-రేలో మచ్చ ఉంది, మెట్లు ఎక్కితే ఆయాసం, చెవుల్లో ఇంజను ఇంకా పూర్తిగా ఆగలేదు. కానీ విజిల్ మోగుతోంది. తోటి రోగులకు నేను చెప్పేది ఒక్కటే. బాగైపోయిందని మీకు అనిపించే రోజు వస్తుంది. అసలు గండం ఆ రోజే. ఆ రోజు కోసం, మీరు మింగేది కళ్లతో చూసే మనిషిని ఒకరిని ముందే పెట్టుకోండి. మీ మీద నమ్మకం లేనివాళ్లయితే మరీ మంచిది.

ఇక నా పగ సంగతి. పోయిన ఏడాది గుత్తిలో ఒకాయన ఎక్కాడు. తెల్ల చొక్కా, కానీ చొక్కా లోపల మనిషి సగమే ఉన్నాడు. దగ్గుతున్నాడు. దగ్గును బట్టి కాదు, దగ్గు ఆగాక అన్న "దుమ్ము" అనే మాట మెత్తదనాన్ని బట్టి మాస్టరు గారిని గుర్తుపట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నా దగ్గర ఆయన కోసం నాలుగేళ్లుగా నూరి పెట్టుకున్న వాక్యం ఒకటుంది: మీ నమ్మకం చాలలేదు సార్. పామిడి దాకా దాన్ని నాలుక మీదే పెట్టుకున్నాను. ఆయన కళ్లలో భయం చూశాను. ఆ భయం నాకు తెలుసు, ఒకప్పుడు ఆయన వరండాలో నిలబడి దాన్నే చూపించాను ఆయనకు.

"ఎన్నాళ్లుగా సార్ దగ్గు?"

"రెండు నెలలు..."

ఆయన పక్క కిటికీ తెరిచాను. అనంతపురంలో ఆస్పత్రి గేటు ఎదురుగా విజిల్ ఊదాను. ఖాజా వెనక్కి తిరిగి, "ఏమన్నా, ఈడ స్టాపు యాడుంది?" అని అరిచాడు.

"ఈ పొద్దు ఉంది" అని, మాస్టరు గారి సంచి నేనే దించాను. "మూడుసార్లు కళ్లె ఇవ్వాలి సార్. నేనూ ఇచ్చినా. నాగరాజును." అప్పుడు గుర్తుపట్టాడు. సంచి అందుకుని లోపలికి నడిచాడు.

పది రోజులకు టీబీ సెంటరు సూపర్‌వైజరు మా ఇంటికి వచ్చాడు. మీ పక్క వీధిలో ఒక పేషెంటు ఉన్నాడు, తన వీధిలో మింగితే శిష్యులకు తెలుస్తుందట, మీరు మింగిస్తారా అని అడిగి, పేరు రాసిన ఎర్ర పెట్టె ఒకటి చేతిలో పెట్టాడు. పేరు చదివి, సరే అన్నాను.

ఆరు నెలలు, వారానికి మూడు రోజులు, డ్యూటీకి పోయే ముందు మా వాకిట్లో, ఏ నోరు నా మాత్రలు మాన్పించిందో ఆ నోట్లోకి వంగి చూశాను. "నోరు తెరవండి సార్. నాలుక ఎత్తండి." మొదటి రోజు ఆయన కళ్లు మూసుకుని తెరిచాడు. నామోషీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసీ, ఒక్క రోజు కూడా వదల్లేదు. కావలసినదానికంటే కాస్త ఎక్కువసేపే చూసేవాణ్ణి. చూసి, వీధి వీధంతా వినపడేలా అరిచేవాణ్ణి:

"రైట్ రైట్!"